పాకం డైరీ: అనకాపల్లి గానుగ నుంచి అరకు కొండల దాకా

డిసెంబరు మొదటి వారం

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. వచ్చే వేసవి దాకా సాగే పని ఒకటి పెట్టుకున్నాను. బెల్లం పాకం ఏ చోట ఎలా మారుతుందో స్వయంగా వెళ్లి చూడాలి, చూసిన ప్రతిచోటా దానితో ఒక తీపి వండాలి. నేను చదివేది కెమిస్ట్రీ. చక్కెర కలిసిన నీళ్లు మామూలు నీళ్లకన్నా ఎక్కువ వేడి దగ్గర మరుగుతాయని క్లాసులో ఒక పేరాలో చెప్పి ముందుకెళ్లిపోయారు. ఇంట్లో అమ్మమ్మ మాత్రం ఆ పేరా మీదే సంక్రాంతి మొత్తం నడిపిస్తుంది. తీగపాకం, లేతపాకం, ఉండపాకం, ముదురుపాకం అంటూ ఒక్కోదానికి ఒక్కో పిండివంట. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలని ఎప్పటినుంచో కోరిక.

సామాను పెద్దగా లేదు. 200 డిగ్రీల దాకా చూపించే వంట థర్మామీటరు, చిన్న త్రాసు, అడుగు మందంగా ఉన్న గిన్నె, నోటు పుస్తకం. నియమం కూడా ఒక్కటే: వండే సరుకు ఎక్కడ పుడుతుందో ముందు ఆ చోటికి పోయి చూడాలి. ఇన్నాళ్లూ ఊరు దాటి వెళ్లడమంటే పెళ్లిళ్లకీ పరీక్షలకీ తప్ప లేదు. విశాఖపట్నంలో పుట్టి పెరిగి కూడా అరకు రైలెక్కలేదు, కొండమీద ఒక్కసారి కూడా తెల్లవారడం చూడలేదు. ఈ పని వల్ల అవన్నీ జరుగుతాయని నాకు గట్టి ఆశ.

ముందుగా థర్మామీటరుని సరిచూసుకున్నాను. మరుగుతున్న నీళ్లలో ముంచితే సరిగ్గా 100 చూపించింది. మా ఇల్లు బీచ్‌కి దగ్గర, కాబట్టి అంతే రావాలి. ఈ అంకెని పుస్తకం మొదటి పేజీలో రాసి చుట్టూ గీత గీశాను. ముందు ముందు దీనితో చాలా పని ఉంది.

డిసెంబరు, అనకాపల్లి దగ్గర

పెద్దమ్మ వాళ్ల ఊరికి వచ్చాను. అనకాపల్లి స్టేషన్లో దిగి, పెదనాన్న పంపించిన సైకిల్ మీద పొలాల గట్ల వెంట రావడం. రెండు పక్కలా మనిషిని మించిన చెరకు. మంచు ఇంకా వీడలేదు, ఆకుల అంచులు మోచేతులకి గీరుకుంటున్నాయి. ఈ ప్రాంతానికి నీళ్లు శారదా నదివి. చెరకు విత్తనం చాలామందికి ఇక్కడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినదే. ఆ కేంద్రం 1913 నుంచీ ఉంది. పెదనాన్న చెరకు రకాల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపడు. నాకేమో గానుగ చూడాలని ఆత్రం.

గానుగ దగ్గర పని తెల్లవారకముందే మొదలైంది. క్రషర్‌లో చెరకు నలుగుతుంది, రసం గుడ్డ మీదుగా తొట్టిలోకి దిగుతుంది, అక్కడినుంచి పెనంలోకి. పెనం అంటే మన ఇంటి పెనం కాదు. నేలలో తవ్విన పొయ్యి మీద కూర్చోబెట్టిన వెడల్పాటి ఇనప పాత్ర. కింద మంటకి ఎండిన పిప్పే. చెరకు రసం తీయగా మిగిలినదే ఆ రసాన్ని కాగబెడుతుంది, బయట కట్టె కొనాల్సిన పనిలేదు. నాకు ఈ ఏర్పాటు ఎంతగానో నచ్చింది.

రసం వేడెక్కగానే కొద్దిగా సున్నపు తేట పోశారు. చెరకు రసంలో సహజంగా కొంచెం పులుపు ఉంటుంది. ఆ పులుపుతోనే ఎక్కువసేపు కాగితే చక్కెర విడిపోయి బెల్లం గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. సున్నం ఆ పులుపుని విరుస్తుంది, మురికిని పైకి తేలుస్తుంది. తర్వాత బెండ మొక్కల కాడలు నలిపి తీసిన జిగురు నీళ్లు పోశారు. నిమిషాల్లో నల్లటి తెట్టు చాపలాగా కట్టి పైకి వచ్చింది. దాన్ని జల్లి గరిటెలతో ఒకవైపుకి తోసి ఎత్తి పారేశారు. తెట్టు తీసేకొద్దీ రసం రంగు బురద పచ్చ నుంచి తేనె రంగుకి తిరగడం కళ్ల ముందే కనిపించింది.

ఈ జిగురు చోటే కొందరు హైడ్రోస్ అనే, రంగు పోగొట్టే రసాయనం వాడతారు. బెల్లం తెల్లగా, పసుపు పచ్చగా ఉంటే ధర ఎక్కువ పలుకుతుందని. కొనేవాళ్లం రంగు చూసి కొంటున్నాం కాబట్టి ఆ తప్పు సగం మనది. ముదురు గోధుమ రంగులో, వాసన బాగా తెలిసే బెల్లమే అసలైన బెల్లం అని ఈ పెనం పక్కన నిలబడి చూశాక నాకు ఇంకే అనుమానం లేదు. ఇక మీదట ఇంట్లోకి అదే.

నా థర్మామీటరుకి పొడవాటి వెదురు కట్టి పెనం అంచున ముంచి పట్టుకున్నాను. నీళ్లు పోతున్నంతసేపూ అంకె మందంగా కదిలింది. 105, 106 దగ్గర గానుగ పెద్దాయన ఒక కుండెడు పక్కకి తోడించాడు. అది పాకం బెల్లం, గట్టిపడదు, డబ్బాల్లో పోసి అమ్ముతారు. ఆ తర్వాత అంకె పరుగందుకుంది. బుడగలు చిన్నవి కావడం, పెద్దవి కావడం, పెనం మధ్యలోంచి ఉబ్బి పైకి రావడం. మంట వేసే కుర్రాడికి పెద్దాయన చేత్తో సైగ చేస్తున్నాడు, ఒక్కమాట లేదు. ఒక దశలో గరిటెతో చుక్క తీసి నీళ్ల చిప్పలో వేసి, వేళ్లతో ఉండ చేసి, చిప్ప అంచుకి కొట్టాడు. టక్కుమంది. వెంటనే దించమన్నాడు. నా థర్మామీటరు అప్పుడు 118 చూపిస్తోంది. బెల్లానికి దించాల్సిన వేడి అంతేనని నేను చదువుకున్నాను. ఆయన అంకె వంక చూడనైనా చూడలేదు.

"ఎలా తెలుస్తుంది తాతా, ఇప్పుడే దించాలని?" అని అడిగాను.

"మనం తొందరపడకూడదమ్మా. అయినప్పుడు పాకవే సెప్తాది."

పెద్ద చెక్క తొట్టిలో పోసి, కర్రలతో తిప్పి తిప్పి చల్లార్చారు. తిప్పుతున్నకొద్దీ మెరుపు పోయి మసకబారింది, గరిటె బరువెక్కింది. అచ్చుల్లోకి నింపితే దిమ్మలు. సుమారు వంద కిలోల చెరకుకి పది కిలోల బెల్లం వస్తుంది. మిగిలినదంతా పిప్పి, తెట్టు, ఆవిరి. పొద్దున్న మేం తిన్న వేడివేడి బెల్లం ముక్క వెనక అంత చెరకు ఉందని తెలిసి తినడం వేరుగా అనిపించింది.

రెండు దిమ్మలు, ఒక సీసా పాకం బెల్లం కట్టించుకున్నాను. డబ్బులు తీసుకోనన్నాడు పెద్దాయన. పెదనాన్న చేత ఇప్పించాను.

జనవరి, సంక్రాంతి ముందు, మా వంటిల్లు

ఈ భాగం వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే ముందు కొండమీద చేయబోయేదంతా దీనితో పోల్చి చూడాలి.

తీపి: అరిసెలు. బియ్యం ఒక రాత్రీ పగలూ నానాయి, మధ్యలో నీళ్లు మార్చాం. వడగట్టి గుడ్డ మీద ఆరబోశాం. ఎంత ఆరాలంటే, చేత్తో పట్టుకుంటే తడి తగలాలి, చెయ్యి విదిలిస్తే గింజ అంటుకోకూడదు. వెంటనే మరకి తీసుకెళ్లి పిండి పట్టించి, జల్లించి, గిన్నెలో అదిమి మూత పెట్టాం. పిండిలో ఆ చెమ్మ ఆరిపోతే అరిసె విరిగిపోతుంది. పొడి బియ్యప్పిండితో అరిసెలు రాకపోవడానికి కారణం ఇదే. పాకంలో ఉన్న కాస్త నీటినీ పొడి పిండి లాగేసుకుంటుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. కొట్టి, గ్లాసుడు నీళ్లు పోసి కరిగించి వడగట్టాను. గానుగ బెల్లం కదా, అడుగున నలుసులు ఉన్నాయి. మళ్లీ పొయ్యెక్కించి థర్మామీటరు పెట్టాను. అమ్మమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది, చేతిలో నీళ్ల పళ్లెం. మా ఒప్పందం ఏమిటంటే, అంకె నేను పైకి చదవను, ఆవిడ అడగదు. ఆవిడ "చాలు" అన్నప్పుడు నేను అంకె రాసుకోవాలి.

పాకం చుక్క నీళ్లలో పడితే మొదట చెదిరిపోయింది. కాసేపటికి చెదరకుండా అడుగున పరుచుకుంది. ఇంకాసేపటికి వేలితో దగ్గరికి తోస్తే చేరింది, ఎత్తితే జారిపోయింది. ఆ తర్వాత చుక్క మెత్తటి ఉండగా వేళ్ల మధ్య నిలిచింది, నొక్కితే అణిగింది. "చాలు, దించు" అంది. 113. మర్నాడు పక్కింటివాళ్ల కోసం మళ్లీ చేశాం. అప్పుడు 114. ఆ తర్వాత కూడా ఈ రెండింటి మధ్యే. పుస్తకాల్లో మెత్తని ఉండపాకానికి రాసే వేడి 112 నుంచి 116. అమ్మమ్మ వేళ్లు ఆ నాలుగు డిగ్రీల సందులో కూడా రెండిటి మధ్యే ఉంటాయి. నాకు ఆరోజు ఆవిడ మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. ఇది రాస్తూ కూడా అదే సంతోషం.

దించగానే నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఈ పని ఒక్కరివల్ల కాదు. చలిమిడి గరిటెకి అంటకుండా విడిపడి వచ్చినప్పుడు ఆపాం. ఉండ చేసి, నూనె రాసిన అరిటాకు మీద వత్తి, నూనెలో వేసి, పొంగి రంగు తిరిగాక తీసి అరిసెల చెక్కల మధ్య పెట్టి గట్టిగా అదిమితే నూనె బొటబొటా కారింది. అంచు కరుకు, మధ్య మెత్తన. పాకం లేతదైతే అరిసె నూనెలోనే విడిపోతుంది, ముదిరితే రాయి అయి కూర్చుంటుంది. రెండు మూడు డిగ్రీల తేడాకి ఇంత తతంగం.

ఈ పాకంలో నిజానికి మిగిలింది నూటికి పదిహేను పాళ్లకి అటూ ఇటూ నీళ్లే. వేడి అనేది ఎంత నీరు మిగిలిందో చెప్పే గుర్తు. ఆ నీరు కొలవడానికే అమ్మమ్మకి పళ్లెం, నాకు థర్మామీటరు.

జనవరి చివరి వారం, అరకు రైలు

మా క్లాస్‌మేట్ వాళ్లది అరకు దగ్గర ఊరు. వాళ్లకి కాఫీ తోట ఉంది. "వంటిల్లు నీదే, బెల్లం మాత్రం నువ్వే తెచ్చుకో" అని పిలిచింది. ఒక దిమ్మ, అరిసెల పిండికి నానబెట్టాల్సిన బియ్యం, థర్మామీటరు, స్వెట్టర్లు. కిరండూల్ పాసింజర్ ఏడు గంటలకి ముందే బయలుదేరుతుంది. కిటికీ సీటు దొరకాలంటే ఇంకా ముందే వెళ్లాలి.

శృంగవరపుకోట దాటాక రైలు ఎక్కడం మొదలుపెట్టింది. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడం కోసం 1960లలో వేసిన లైను ఇది. 58 సొరంగాలు ఉన్నాయి. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా అరుస్తారు. చీకటి, అరుపు, మళ్లీ వెలుతురు, ఎదురుగా లోయ. త్యాడ దగ్గర గాలి మారింది. కిటికీ ఊచలు చల్లబడ్డాయి. బొర్రా గుహల స్టేషన్లో సగం బోగీ ఖాళీ. నేను దిగలేదు, అది వేరే రోజుకి.

నాకు బాగా గుర్తుండిపోయేది మాత్రం ఒక చిప్స్ పాకెట్. విశాఖలో కొన్నప్పుడు మెత్తగా నలిగే పాకెట్, శిమిలిగుడ వచ్చేసరికి బిగుసుకుపోయి నొక్కితే టపటపలాడుతోంది. శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. బయట గాలి ఒత్తిడి తగ్గింది, లోపలి గాలి మాత్రం సముద్రం పక్కన మూసినదే. పక్క సీట్లో ఉన్న చిన్న పిల్లాడికి చూపించాను. వాడు దాన్ని అరకు దాకా విప్పనివ్వలేదు.

ఆ పాకెట్ ఉబ్బిన కారణమే నా పాకాన్ని కూడా మార్చాలి. ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తుకి ఒక డిగ్రీ చొప్పున. అరకు తొమ్మిది వందల పైచిలుకు మీటర్లు. అంటే నీళ్లు 97 దగ్గర మరగాలి. సామాను దించుతూనే మొదట చేసిన పని అదే. క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ టీ కోసం పెట్టిన నీళ్లలో ముంచాను. 97. ఆవిడ నవ్వి, "ఇదేటమ్మా, మా నీళ్లకి జొరమొచ్చిందా?" అంది.

అరకు, వంటింట్లో

ఇక్కడ ఒకే బెల్లంతో, ఒకే పిండితో రెండు చిన్న వాయిలు పెట్టాను. ఒకటి ఇంట్లో వచ్చిన అంకె ప్రకారం 113 దాకా కాచినది. రెండోది లెక్క ప్రకారం మూడు డిగ్రీలు తగ్గించి 110 దగ్గర దించినది. రెండిటికీ పక్కన నీళ్ల పళ్లెం పెట్టి చూశాను.

110 దగ్గర చుక్క మెత్తటి ఉండ అయింది, అచ్చం అమ్మమ్మ పళ్లెంలో చూసిన ఉండ. 113 దగ్గర ఉండ వేళ్ల మధ్య గట్టిగా నిలిచి, నొక్కితే అణగలేదు. అరిసెలు చేస్తే ఇదే తేడా పైకి తేలింది. మొదటి వాయి కొరకడానికి పళ్లకి పని పెట్టింది. రెండో వాయి ఇంటి అరిసెలే. క్లాస్‌మేట్ తమ్ముడు గట్టివే బాగున్నాయన్నాడు, పళ్లున్న వయసు.

కాబట్టి పుస్తకంలో ఇలా రాసుకున్నాను. ఎవరికైనా పనికొస్తుంది. ముందు మీ ఊళ్లో నీళ్లు ఎన్ని డిగ్రీలకి మరుగుతాయో చూసుకోండి. ఆ అంకెకి 13 కలపండి. అది మీ అరిసెల పాకం. థర్మామీటరు లేకపోతే నీళ్ల పళ్లెం చాలు, అది ఏ ఎత్తులోనైనా ఒకటే చెబుతుంది. నీరు ఎంత మిగిలిందో అది నేరుగా చూస్తుంది, గాలి ఒత్తిడితో దానికి సంబంధం లేదు.

ఆ సాయంత్రం తోటలోకి తీసుకెళ్లారు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. కోత చివరికొచ్చింది, అక్కడక్కడా ఎర్రటి పళ్లు మిగిలాయి. కాఫీ పండు కొరికి చూడటం నాకు ఇదే మొదలు. చేదుగా ఉంటుందనుకున్నా, పలచటి తియ్యని గుజ్జు, లోపల జారిపోయే రెండు గింజలు. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో జీఐ, అంటే ఈ చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కల్లంలో గింజలు ఆరబోసి ఉన్నాయి, పొగమంచు దిగే వేళకి వాటిని కుప్ప చేసి పరదా కప్పాలి. ఆ పని మేమే చేశాం. చేతులకి పచ్చి కాఫీ వాసన పట్టుకుంది. వేయించిన కాఫీ వాసనకీ దీనికీ పోలిక లేదు, తడిసిన గడ్డివాసన.

రెండో రోజు వంట: జీళ్లు, అంటే ముదురు పాకాన్ని లాగి చేసే మిఠాయి. మా ఉత్తరాంధ్రలో జాతర అంటే ఖర్జూరాలు, జీళ్లు ఉండాల్సిందే. దీనికి పాకం బాగా ముదరాలి, చుక్క నీళ్లలో పడగానే గాజులా గట్టిపడి, పళ్లానికి కొడితే ఖంగుమనాలి. 135 దాటాక వచ్చింది. ఇక్కడి నుంచి జాగ్రత్త, ఇంకాస్త ఉంటే బెల్లం మాడు వాసన వస్తుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, అంచులు చల్లబడ్డకొద్దీ మధ్యలోకి మడుస్తూ, చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే లాగడం. ఒకవైపు నేను, ఒకవైపు క్లాస్‌మేట్. లాగు, మడువు, లాగు. మొదట నల్లగా, మెరుస్తూ, బరువుగా ఉన్న ముద్ద మెల్లగా గోధుమ రంగుకి, ఆపైన బంగారు రంగుకి తిరిగింది. ఏమీ కలపలేదు. లోపలికి గాలి సన్నటి గీతలుగా చేరుతోంది, అంతే. చేతులు నొప్పెట్టి ఆపేద్దామనుకున్న సమయానికి తాడు గట్టిపడి పట్‌మని విరిగింది. గబగబా కత్తెరతో ముక్కలు చేశాం.

సగం ముద్దలో వాళ్ల తోట కాఫీ పొడి, మిగతా సగంలో దంచిన మిరియాలు కలిపాం. డికాక్షన్ పోయాలని క్లాస్‌మేట్ అడిగింది గానీ, అంత వేడి పాకంలో నీరు పడితే ఎగజిమ్ముతుంది, పైగా పాకం మళ్లీ లేతబడుతుంది. అందుకే మెత్తని పొడి, అదీ దించాక. మిరియాల జీడి అందరికీ నచ్చింది. నాకు కాఫీదే. మొదట తీపి, ఆనక చేదు, చివర్లో బెల్లం పొగ వాసన కొద్దిగా. ఇంతకన్నా మంచి తీపి నేను ఇప్పటిదాకా చేయలేదు.

మధ్యాహ్నం చేసినవి సాయంత్రానికీ కరకరలాడాయి. నాలుగైదు ముక్కలు మాత్రం కావాలనే మూతలేకుండా కిటికీలో ఉంచాను. పొద్దుటి పొగమంచుకి వాటి పైభాగం జిగటబారింది. బెల్లానికి గాల్లో చెమ్మ లాక్కునే గుణం ఎక్కువ. విశాఖ సముద్రపు గాలికి ఈ పని గంటలోనే అయిపోతుంది. డబ్బా మూత బిగుతుగా ఉండటం జీళ్లకి పాకం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

వంజంగి

అరకు నుంచి పాడేరు. అన్నయ్య, వదిన అక్కడ కలిశారు. రాత్రి పాడేరులో పడుకుని, నాలుగు గంటలకే వంజంగి కొండకి జీపు. చివరి దూరం నడకే. టార్చి వెలుగులో రాళ్లు, ఎర్రమట్టి, మంచుకి జారే గడ్డి. ఊపిరి ఆవిరై ముఖం మీదికే వస్తోంది. ముందు నడిచే కుర్రాడు ఈ కొండ కింద ఊరివాడే. మేం ఆగిన ప్రతిచోటా ఆగి, "పరవాలేదక్కా, ఇంకొద్దిగే" అన్నాడు. ఆ ఇంకొద్దిగే చాలాసేపు నడిచింది.

పైకి చేరేసరికి తూర్పు కాస్త పలచబడింది. కింద లోయ లేదు, తెల్లగా మేఘం పరుచుకుని ఉంది, అక్కడక్కడా కొండల తలలు మాత్రం పైకి తేలాయి. రాత్రి చలికి బరువెక్కిన గాలి లోయల్లోకి జారి, అక్కడే నిలిచి, దానిలో చెమ్మ పొగమంచుగా మారుతుంది. మనం దానికి పైన ఉంటాం. ఎండ తగిలాక అంచుల నుంచి కదలడం, కొండ భుజాల మీదుగా పొర్లడం, విడిపోవడం. చూస్తూ ఎవరం మాట్లాడలేదు. వదిన ఒక్కతే నెమ్మదిగా ఏదో పాడుకుంటోంది.

సంచిలోంచి అరిసెలు తీశాం. చలికి నెయ్యి గడ్డకట్టి పైన తెల్లగా పొర కట్టింది. కొరికితే మొదట గట్టిగా, నోటి వేడికి మెత్తగా. కుర్రాడికి నాలుగు ఇస్తే రెండు తిని రెండు జేబులో పెట్టుకున్నాడు, చెల్లికట.

చాలామంది స్టవ్ తీసుకురాలేదా, పైన మ్యాగీ చేసుకుంటే ఎంత బాగుంటుంది అన్నారు. నేను తీసుకెళ్లలేదు, తీసుకెళ్లను కూడా. జనవరి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పాకం కొలత ఎంత కావాలనిపించినా కింద ఊళ్లో ఎవరి వంటింట్లోనో చేసుకోవాలి. ఇంకో మాట. దారంతా ప్లాస్టిక్ సీసాలు, రేపర్లు. అరిసెలు కట్టుకెళ్లిన గుడ్డసంచి ఖాళీ కాగానే, దిగేటప్పుడు మేం ముగ్గురం దాన్ని నింపుకొచ్చాం. కుర్రాడు కూడా ఏరాడు. ఈ కొండ వాళ్లది, మనం ఒక పూట చూసిపోయేవాళ్లం.

ఫిబ్రవరి, మార్చి

కాలేజీ, ల్యాబ్ రికార్డులు, ఇంటర్నల్స్. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క సంగతి తప్ప.

పిన్ని కూతురు అమెరికాలో, డెన్వర్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పటినుంచీ అక్క అరిసెలు గట్టిగా వస్తున్నాయని, అక్కడి బెల్లమే బాగోలేదని అనుకుంటోంది. డెన్వర్ ఎత్తు 1609 మీటర్లు, మన శిమిలిగుడ కన్నా చాలా పైన. "నీళ్లు మరిగించి అంకె చెప్పక్కా" అన్నాను. 95 అంది. అయితే 108 దగ్గర దించు అన్నాను. వారాంతంలో ఫోటో పంపింది. మధ్యకి విరిస్తే సాగుతున్న అరిసె. బెల్లం అదే, పిండి అదే, అయిదారు డిగ్రీలు తగ్గాయి. అమ్మమ్మకి ఫోన్లో చూపిస్తే, "పళ్లెంలో చూసుకోమని నేనెప్పుడో చెప్పాను కదా దానికి" అంది. నిజమే, చెప్పింది.

ఏప్రిల్, భీమిలి రోడ్డు

ఎండలు వచ్చేశాయి. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేం కాబట్టి పాకం తక్కువ, చల్లదనం ఎక్కువ ఉన్న తీపి చూసుకున్నాను. తెల్లవారుజామునే సైకిల్ మీద బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు. రుషికొండ, ఆ తర్వాత తొట్లకొండ. సైకిల్ కింద పెట్టి పైకి ఎక్కాను. బౌద్ధ విహారం పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వచ్చేసరికే ఎండ చురుక్కుమంది. గాలి, నీరు కోసుకుంటూ పోయిన ఆ ఎర్రటి గోడల మధ్య నడుస్తుంటే పక్కనే సముద్రం ఉందన్న సంగతే గుర్తుండదు.

రోడ్డు పక్కన తాటిగెలలు కుప్ప పోసుకుని ఒకాయన ముంజలు కొడుతున్నాడు. కాయకి మూడు కళ్లు. కత్తితో పై చెక్క లేపి, బొటనవేలు లోపలికి తోసి ఒక్క తిప్పు, ముంజె చిరగకుండా బయటికొస్తుంది. నేను చేస్తే లోపలి నీళ్లన్నీ మోచేతి దాకా కారాయి. మళ్లీ ప్రయత్నిస్తే ఒకటి సరిగ్గా వచ్చింది. "లేతవి ఏరుకో తల్లీ, ముదిరితే కడుపునొప్పి" అని ఆయనే ఏరి తాటాకులో కట్టిచ్చాడు.

ఇంట్లో ముంజల పాయసం. పాలు సగం అయ్యేదాకా కాచి పూర్తిగా చల్లార్చాను. గానుగ నుంచి తెచ్చిన పాకం బెల్లం ఇక్కడ పనికొచ్చింది, కాచే పని లేకుండా నేరుగా చల్లటి పాలలోకి. వేడి పాలలో బెల్లం వేస్తే విరిగే భయం ఉంది, బెల్లంలో మిగిలే కొద్దిపాటి పులుపే అందుకు కారణం. పొట్టు తీసిన ముంజలు ముక్కలు చేసి, వాటి నీళ్లతో సహా కలిపి, యాలకులు రెండు. ఫ్రిజ్‌లో గంటసేపు. నాన్న సాధారణంగా తీపి ముట్టరు. రెండు గిన్నెలు తిన్నారు.

మే, ఇప్పటికి

చెరకు బెల్లం సంగతి ఒక కొలిక్కి వచ్చింది. అంకెలన్నీ ఒకే పేజీలోకి ఎక్కించాను: విశాఖలో 100కి 113, అరకులో 97కి 110, డెన్వర్‌లో 95కి 108. జీళ్లు మాత్రం విశాఖలో ఇంకోసారి చేసి వేడి రాసుకోవాలి.

ఇక తాటి బెల్లం. చెట్టు నుంచి దిగే తియ్యటి రసం, నీరా, పులియకుండా కుండ లోపల సున్నం పూస్తారు, ఎండెక్కకముందే దించి కాస్తారు. కాచే వేడి చెరకు పాకానికీ దీనికీ ఒకటేనా అన్నది చూడాలి, సీజన్ అయిపోకముందే. పెద్దమ్మ వాళ్ల ఊరికి అవతల గీత కార్మికుల కుటుంబం ఒకటి ఉంది, పెదనాన్న మాట్లాడి ఒప్పించాడు. వేకువనే చెట్టు కింద ఉండాలి కాబట్టి ముందురోజు రాత్రికే చేరుకోవాలి. థర్మామీటరుకి కొత్త సెల్ వేశాను, వెదురు కూడా పెట్టాను. అమ్మమ్మ తానూ వస్తానంటోంది. నీళ్ల పళ్లెం ఇప్పటికే సంచిలో సర్దేసుకుంది.